కౌంటు దిగింది, మాత్ర మానేయొచ్చా?

ప్రశ్న: మాస్టారూ, మాది పర్లాకిమిడి. మా మావయ్యగారికి 61 ఏళ్లు. దసరా ముందు నీరసం, ఎడమ డొక్కలో బరువు అంటుంటే విశాఖ తీసుకెళ్లాం. తెల్లకణాలు 1,80,000 ఉన్నాయన్నారు. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్తక్యాన్సర్ అని చెప్పి ఇమాటినిబ్ 400 మాత్ర రాశారు. మూడు నెలలకి కౌంటు 7,200కి దిగింది. 'నార్మలైపోయింది కదమ్మా, కళ్లకింద వాపులొస్తున్నాయి, ఇంకెందుకీ మాత్ర' అని ఆయన గొడవ. మందుల షాపాయన కూడా ఆయనకే వంత పాడుతున్నాడు. రిపోర్టులో బీసీఆర్-ఏబీఎల్ 6 శాతం అని ఉంది. అదేమిటి? ఈ జబ్బు మా పిల్లలకి వస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మాత్ర మానొద్దు. ఈ ముక్క ముందు మావయ్యగారికి చదివి వినిపించండి, మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

ఆయన ఎముక మజ్జలో ఏదో ఒక మూలకణంలో 9వ క్రోమోజోము ముక్కా, 22వ దాని ముక్కా చోట్లు మార్చుకున్నాయి. పొట్టిబడ్డ ఆ 22వ క్రోమోజోమును 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫోర్డ్ పట్టుకున్నారు. అది ముక్కల మార్పిడి అని 1973లో షికాగోలో జానెట్ రౌలీ తేల్చారు. ఆ అతుకు దగ్గర బీసీఆర్, ఏబీఎల్ అనే రెండు జన్యువులు కలిసిపోయి తయారయ్యే ప్రొటీనే మీ రిపోర్టులోని బీసీఆర్-ఏబీఎల్. పుట్టాక మజ్జలో జరిగిన మార్పు గనక ఇది పిల్లలకి రాదు. ఆ భయం వదిలేయండి.

ఏబీఎల్ ప్రొటీన్ అందరి కణాల్లోనూ ఉంటుంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఒక ఫాస్ఫేటు తీసి పక్క ప్రొటీన్‌లోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి అంటించడం దాని పని. మామూలుగా అది అదుపులో ఉంటుంది, అవసరమైనప్పుడే పనిచేస్తుంది. బీసీఆర్ వచ్చి అతుక్కుంటే ఆ అదుపు పోతుంది. బీసీఆర్ కొసవల్ల ఈ ప్రొటీన్లు నాలుగేసి జట్టుకట్టి, ఒకదానికొకటి ఫాస్ఫేట్లు అంటించుకుంటాయి. నొక్కిన కాలింగ్ బెల్ స్విచ్చి పైకి రాకుండా ఇరుక్కుపోయినట్టు. బీసీఆర్ భాగంలో 177వ టైరోసిన్‌కి ఫాస్ఫేటు అంటగానే జీఆర్‌బీ2 అనే ప్రొటీన్ వచ్చి పట్టుకుంటుంది, దాని ద్వారా కణాన్ని విభజనకి పురిగొల్పే రాస్ అనే ప్రొటీన్ మేల్కొంటుంది. 'విభజించు, విభజించు' అనే కబురు కేంద్రకం దాకా పోతూనే ఉంటుంది. ఆ 1,80,000 కణాలు అలా పుట్టినవే.

ఫాస్ఫేటు మాటొచ్చింది గనక ఒక్కటి చెప్పకుండా ఉండలేను. ఏటీపీని 1929లో కండరాల నుంచి వేరుచేసినవాళ్లలో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి చేశారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా సాధించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిలో ఫాస్ఫరస్ కొలిస్తే పరీక్షనాళికలో నీలం రంగు తేలుతుంది. బరంపురంలో పాఠాలు చెప్పిన రోజుల్లో మా పిల్లల చేత అది చేయించేవాణ్ని. ఆ సుబ్బారావు మనవాడేనని చెబితే తెలుగు పిల్లలకి ఎక్కడలేని హుషారు, ఒడియా పిల్లలకి నవ్వు.

ఇక మాత్ర సంగతి. ఏబీఎల్‌లో ఏటీపీ కూర్చునే గుంటలోకి ఇమాటినిబ్ దూరి, ఏటీపీకి చోటివ్వదు. ఫాస్ఫేటు లేదు, కబురూ లేదు. అయితే అది ప్రొటీన్‌ని గానీ, దాన్ని తయారుచేసే జన్యువుని గానీ చెరపదు. రోజు మాత్ర రోజు వేసుకుంటేనే ఆ గుంట నిండి ఉంటుంది. 7,200 అన్నది రక్తంలో కనిపించే లెక్క. రోగం ఎంత మిగిలిందో చెప్పేది ఆ 6 శాతమే. మూడు నెలలకి 10 శాతం లోపు ఉండాలి, అంటే మీ మావయ్యగారు దారిలోనే ఉన్నారు. ఆరు నెలలకి 1, ఏడాదికి 0.1 లోపు చేరాలి. పరీక్ష ఎక్కడ చేయించినా 'ఇంటర్నేషనల్ స్కేల్' మీద ఇమ్మని అడగండి, లేకపోతే పోల్చలేరు.

ఏళ్ల తరబడి ఆ అంకె దాదాపు కనిపించకుండా పోయినవాళ్లలో కొందరికి డాక్టర్లే మాత్ర ఆపి చూస్తారు, తరచూ పరీక్షలు చేస్తూ. అప్పుడు కూడా సుమారు సగంమందిలో తిరగబెడుతుంది. మీ మావయ్యగారు ఇంకా అక్కడికి చాలా దూరం. పైగా ఇష్టమొచ్చినట్టు మానుతూ వేస్తూ ఉంటే మందుకి లొంగని మొండి కణాలకి అవకాశమిచ్చినట్టే. ఏబీఎల్ ప్రొటీన్‌లో 315వ స్థానంలో త్రియోనిన్ అనే అమైనో ఆమ్లం బదులు ఐసోల్యూసిన్ అనేది వచ్చిందంటే ఇమాటినిబ్ ఇక ఆ గుంటలో పట్టదు. వేరే, ఖరీదైన మందులు వెతుక్కోవాలి.

ఖరీదు అంటే గుర్తొచ్చింది. ఇదే మందు కంపెనీ బ్రాండు ఒకప్పుడు నెలకి లక్ష దాటేది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాని పేటెంటు దరఖాస్తును కొట్టేసింది. మీకిప్పుడు జనరిక్ మాత్ర దొరుకుతోందంటే ఆ తీర్పు చలవ కొంత ఉంది.

కళ్లకింద వాపు ఈ మందుతో చాలామందికి వచ్చేదే. ఉప్పు తగ్గించి, డాక్టరుకి చెప్పండి. వారంలో బరువు గబగబా పెరిగినా, ఆయాసం వచ్చినా మాత్రం ఆగకుండా తీసుకెళ్లండి. మాత్ర భోజనంతో, పెద్ద గ్లాసుడు నీళ్లతో వేయించండి. ఆ షాపాయన దగ్గర తామరకి కెటోకొనజోలో, గొంతునొప్పికి ఎరిత్రోమైసినో అడిగి తెచ్చుకోవద్దు. అవి రక్తంలో ఇమాటినిబ్‌ని పెంచేస్తాయి. ఫిట్స్ మాత్ర ఫెనిటాయిన్, టీబీ మందు రిఫాంపిసిన్ అయితే తగ్గించేస్తాయి. ఏ కొత్త మందైనా ముందు విశాఖ డాక్టరుకి ఫోన్ చేసి అడిగాకే.