మార్కర్‌ని చూసి మనసు పారేసుకోకు తల్లీ

చిరంజీవి బుజ్జికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు డయాబెటిస్ మీద పీహెచ్‌డీలో చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వేలమంది రక్తంలో వందలకొద్దీ మెటబొలైట్లు, అంటే ఒంట్లోని రసాయన మార్పుల్లో పుట్టే చిన్న చిన్న పదార్థాలు, కొలిచి, వాటిని వాళ్ల జీన్లతో జతచేసి, జబ్బు ఎవరికి వస్తుందో ముందే పసిగట్టి, దాన్ని ఆపే మందుకు దారి వెతుకుతావట. విన్నప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. సంతోషం ఎంతుందో టెన్షన్ కూడా అంతే ఉంది. ఫోన్లో చెబితే మధ్యలోనే "సరే అత్తయ్యా" అనేస్తావు, అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదువు.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. చేసిన ప్రతి పనీ తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకో. డేటాకి రెండు చోట్ల బ్యాకప్ ఉంచు. స్టాటిస్టిక్స్ ఎవరో చేసిపెడతారని కూర్చోకు, నువ్వే నేర్చుకో. జీన్ల వేటలో ఒక ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం 2 కోట్లలో ఒకటి కంటే తక్కువైతేనే నమ్ముతారు. అది చాదస్తం కాదు. లక్షల చోట్ల వెతికేటప్పుడు అంతకంటే వదులుగా ఉంటే ఏదో ఒకటి దొరికి తీరుతుంది. గైడ్‌తో నెలకోసారైనా ఒంటరిగా మాట్లాడు.

రక్తం శాంపిళ్ల సంగతి మాత్రం ఒక్క లైన్లో వదలలేను. నీ డేటా కంప్యూటర్‌లో పుట్టదు, సూది గుచ్చిన చోట పుడుతుంది. ట్యూబులోకి వచ్చాక కూడా రక్తకణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్ తింటూనే ఉంటాయి. మామూలు గది వేడిలో వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ తగ్గిపోతుంది. మిగతా మెటబొలైట్లలోనూ చాలావాటికి ఇలాంటి గతే. జబ్బున్నవాళ్ల శాంపిళ్లు ఆస్పత్రి నుంచి మూడు గంటలకు వచ్చి, ఆరోగ్యవంతులవి పది నిమిషాల్లో వచ్చాయనుకో, ఆ తేడా అంతా జబ్బు తేడాలాగే కనిపిస్తుంది. దాని మీద అందమైన పేపర్ కూడా వస్తుంది. ఆ పేపర్ జబ్బు గురించి కాదు, ట్యూబులు మోసుకొచ్చిన మనిషి నడక గురించి! రక్తం తీసిన టైమూ, కణాలను వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టిన టైమూ రెండూ రాయించు. రోగుల శాంపిళ్లూ, పోల్చడానికి తీసిన ఆరోగ్యవంతుల శాంపిళ్లూ ఒకే ప్లేట్‌లో, కలగాపులగంగా ఉండాలి. "ఈసారికి పోనీలే" అన్నావో, నేనే వచ్చి నీ ఫ్రీజర్ తెరిచి చూస్తాను.

ఇక అసలు సంగతి, మార్కర్ సంగతి. అంటే జబ్బుకు గుర్తుగా రక్తంలో కనిపించే అంకె. ఈ ఉత్తరం మొదలుపెట్టింది దీనికోసమే.

1977లో అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరివాళ్ల గుండె ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి పరిశీలిస్తున్నవాళ్లు ఒక విషయం బయటపెట్టారు. రక్తంలో హెచ్‌డీఎల్ అనే రకం కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవాళ్లకు గుండెజబ్బు తక్కువగా వస్తోందని. ఆ తర్వాత ఎవరు ఎక్కడ లెక్కేసినా ఇంచుమించు అదే తేలింది. దానికి మంచి కొలెస్ట్రాల్ అని పేరు పెట్టేశారు. ఒకసారి మంచి అని పేరు పడ్డాక ఇక అనుమానించేది ఎవరు? కథ కూడా చక్కగా అమరింది. హెచ్‌డీఎల్ రక్తనాళాల గోడల్లోంచి కొవ్వును తీసి లివర్‌కు మోసుకెళ్తుంది, కాబట్టి అది పెరిగితే గుండె బాగుంటుంది. జపాన్‌లో కొన్ని కుటుంబాల్లో సీఈటీపీ అనే ప్రోటీన్ పుట్టుకతోనే లేదనీ, వాళ్ల హెచ్‌డీఎల్ బాగా ఎక్కువనీ తెలిసింది. అయితే ఆ ప్రోటీన్‌ని ఆపే మందు చేద్దామన్నారు. అదే టోర్సెట్రపిబ్.

ఆ మందుతో హెచ్‌డీఎల్ ఎంత పెరిగిందనుకున్నావు? 72 శాతం. చెడ్డదైన ఎల్‌డీఎల్ 25 శాతం తగ్గింది కూడా. అప్పట్లో మా సెమినార్ హాల్లో ఏ మొహం చూసినా పండగే. గుండెపోట్ల కాలం అయిపోయిందని అన్నవాళ్లూ ఉన్నారు. 15,067 మందితో పెద్ద ట్రయల్ నడిచింది. 2006 డిసెంబర్‌లో దాన్ని హఠాత్తుగా ఆపేశారు. మందు తీసుకున్నవాళ్లలో 93 మంది చనిపోయారు, తీసుకోనివాళ్లలో 59 మంది. ల్యాబ్ రిపోర్టులో అంకెలన్నీ మెరుగుపడుతుండగానే మనుషులు పోయారు.

ఆ రెండంకెల తేడా నా మనసులోంచి ఇప్పటికీ పోదు. ఆ రోగులు కాగితాల మీద సంతకం పెట్టింది మనలాంటివాళ్ల మీద నమ్మకంతో.

పాఠం అక్కడితో నేర్చుకున్నారా అంటే, లేదు. ఆ మందు రక్తపోటు పెంచింది, అది నిజమే. కాబట్టి తప్పు ఆ ఒక్క మందుదే, ఆలోచన మంచిదే అన్నారు. రక్తపోటు జోలికి పోని డాల్సెట్రపిబ్ వచ్చింది. ప్రయోజనం లేదని 2012లో దాని ట్రయల్ ఆపేశారు. ఎవాసెట్రపిబ్ హెచ్‌డీఎల్‌ని రెట్టింపు కంటే ఎక్కువ చేసింది. 2015లో అదీ ఆగిపోయింది. నయాసిన్ అనే విటమిన్‌తో వేరే దారిలో పెంచి చూశారు, అక్కడా గుండెకు ఒరిగిందేమీ లేదు. 2017లో అనాసెట్రపిబ్ 30 వేల మందికి పైగా ఉన్న ట్రయల్‌లో 9 శాతం మేలు చేసింది. ఆ కాస్త మేలూ చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గడం వల్లే వచ్చిందని లెక్క సరిపోయింది.

నన్ను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. జవాబు మన జీన్లలో ముందే రాసి ఉంది. ఏబీసీఏ1 అనే జీన్‌లో లోపం వల్ల పుట్టినప్పటి నుంచీ హెచ్‌డీఎల్ తక్కువగా ఉన్నవాళ్లను కోపెన్‌హేగెన్‌లో పరిశీలించి, వాళ్లకు గుండెజబ్బు ముప్పు పెరగలేదని 2008లోనే చెప్పారు. 2012లో ఇంకా స్పష్టంగా తేలింది. ఎండోథీలియల్ లైపేజ్ అనే ఎంజైమ్ జీన్‌లో ఒక మార్పు ఉన్నవాళ్లకు హెచ్‌డీఎల్ మాత్రమే కొంచెం ఎక్కువ ఉంటుంది, మిగతా కొవ్వులు మామూలే. హెచ్‌డీఎల్ నిజంగా కాపాడేదైతే వాళ్లకు గుండెపోటు 13 శాతం తగ్గాలి. ఏమీ తగ్గలేదు. దొంగతనం జరిగిన ప్రతిచోటా కనిపించినంత మాత్రాన వాడే దొంగ కానక్కర్లేదు. తక్కువ హెచ్‌డీఎల్ ఉన్నవాళ్లలో పొగ తాగేవాళ్లు, ఒళ్లు కదలనివాళ్లు, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ ఉన్నవాళ్లే ఎక్కువ. వాళ్ల గుండెను దెబ్బతీసింది అవి.

అదే 2006 మార్చిలో ఇంకో పేపర్ వచ్చింది, నువ్వు చదివే ఉంటావు. పీసీఎస్‌కే9 అనే జీన్ ఒక ప్రతి పనిచేయని అమెరికా నల్లజాతివారిలో ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ, గుండెజబ్బు ముప్పు 88 శాతం తక్కువ. ఇక్కడ జీన్ మారితే అంకె మారింది, అంకెతో పాటు జబ్బూ మారింది. 2015కల్లా ఆ జీన్ తయారుచేసే ప్రోటీన్‌ని ఆపే ఇంజెక్షన్లు రోగుల చేతికి వచ్చాయి, పనిచేశాయి కూడా. ఒకే సంవత్సరం, రెండు కొవ్వులు, రెండు దారులు. నీ థీసిస్ మొదటి పేజీ రాసేముందు ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చదువు.

జీన్లకు ఈ సాక్ష్యం చెప్పే శక్తి ఎక్కడిదో నీకు తెలుసు. ఒక్కో జీన్‌కీ తల్లి దగ్గరున్న రెండు ప్రతుల్లో ఏది బిడ్డకు వస్తుందో, తండ్రి దగ్గరున్నవాటిలో ఏది వస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. ఆ బిడ్డ రేపు పొగ తాగుతుందా, ఏం తింటుంది అన్నదానితో దానికి సంబంధం లేదు. పుట్టుకతోనే ప్రకృతి చీటీలు తీసి ట్రయల్ మొదలుపెట్టినట్టే. 1986లోనే మార్టిన్ కటాన్ ఈ ఆలోచన చెప్పాడు, మెండీలియన్ రాండమైజేషన్ అన్న పేరు తర్వాత స్థిరపడింది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఒక బటన్ నొక్కితే జవాబు వచ్చేస్తోంది, నా భయమంతా అదే. ఒకే జీన్ రెండు పనులు చేస్తుంటే ఆ జవాబు తప్పు కావచ్చు. ప్రతి జీన్ ఒంట్లో ఏం చేస్తుందో చదవకుండా బటన్ నొక్కకు.

నీ సొంత టాపిక్‌లోనే ఈ గొయ్యి ఉంది, అందుకే ఇంత గొడవ చేస్తున్నాను. 2011లో, మళ్లీ ఫ్రామింగ్‌హామ్‌లోనే, ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్, టైరోసిన్, ఫినైల్ అలనిన్ అనే ఐదు అమైనో ఆమ్లాలు డయాబెటిస్ రావడానికి 12 ఏళ్ల ముందే రక్తంలో పెరిగి ఉంటాయని చూపించారు. గొప్ప పని. కానీ అవి జబ్బు తెస్తున్నాయా, లేక లోపల మొదలైన జబ్బు వాటిని పెంచుతోందా? 2016లో ఒక జీన్ల అధ్యయనం మొదటిదే నిజమంది. ఆ తర్వాత వచ్చినవి కొన్ని తిరగబడి, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడమే వాటిని పెంచుతోందన్నాయి. 12 ఏళ్ల ముందు కనిపించింది కాబట్టి అదే కారణం అనుకోవడానికి లేదు. ఇన్సులిన్ గాడి తప్పడం అంతకంటే ముందే మొదలై ఉండవచ్చు. జబ్బు రాబోతోందని చెప్పడానికి మార్కర్ చాలు. మందు చెయ్యడానికి చాలదు. నీ ప్లాన్‌లో ఈ రెండూ ఒకే వాక్యంలో కలిసిపోయి ఉన్నాయి. విడదియ్యి.

పనిలో పని, జీన్ అడ్రస్ కూడా జాగ్రత్త. ఊబకాయం జీన్‌గా పేరుపడిన ఎఫ్‌టీఓ గుర్తుందిగా? 2007లో అక్కడి ఒక మార్పు రెండు ప్రతుల్లోనూ ఉన్నవాళ్లు సగటున 3 కిలోలు ఎక్కువ బరువున్నారని తెలిస్తే, అందరూ ఎఫ్‌టీఓ వెంట పరుగెత్తారు. 2014లో చూస్తే ఆ ముక్క నడిపిస్తున్నది దాదాపు 5 లక్షల డీఎన్‌ఏ అక్షరాల దూరంలో ఉన్న ఐఆర్‌ఎక్స్3 అనే జీన్‌ని.

ఇప్పుడు చెప్పేది మాత్రం మాటివ్వాలి నువ్వు. కొత్త మెషిన్ వచ్చినప్పుడు ల్యాబుల్లో పిల్లలు తమ రక్తమే పెట్టి చూసుకుంటారు. నువ్వు పెట్టకు. నీ డీఎన్‌ఏలో సగం మా తమ్ముడిది. నీ జీన్లు చదివితే వాడి అనుమతి లేకుండా వాడి సంగతులు కూడా చదివినట్టే, కొంతవరకు నావీ. మీ నానమ్మ షుగర్‌తో చూపు పోగొట్టుకున్నప్పుడు నువ్వు చిన్నపిల్లవి. చివరి రోజుల్లో ఆవిడ నీ మొహం చేతులతో తడిమి చూసేది, అది నీకు గుర్తుండకపోవచ్చు. నువ్వు ఈ టాపిక్ ఎందుకు ఎంచుకున్నావో మీ నాన్న చెప్పలేదు, కానీ నాకు అర్థమైంది. అందుకే చెబుతున్నాను. డీఎన్‌ఏ నిర్మాణం కనిపెట్టినవాళ్లలో ఒకరైన జేమ్స్ వాట్సన్, 2007లో తన జీనోమ్ అంతా చదివించుకుని కూడా, అల్జీమర్స్‌తో ముడిపడిన ఏపీఓఈ జీన్ ఒక్కటి మాత్రం తనకు చెప్పొద్దన్నాడు. తెలుసుకోకుండా ఉండే హక్కు ఆయనకు ఉన్నట్టే నీకు రక్తమిచ్చే ప్రతి మనిషికీ ఉంది. అనుమతి పత్రంలో ఆ ప్రశ్న ఉందో లేదో మొదటి రోజే చూడు. లేకపోతే పెట్టించేదాకా ఊరుకోకు.

భయపెట్టానా? కాసేపు అదీ కావాలి. కానీ నువ్వు ఈ పనిలోకి రావడం నాకు ఎందుకంత గర్వంగా ఉందో కూడా విను. పుట్టిన ఆరు నెలల్లోపే షుగర్ వచ్చే పసివాళ్లుంటారు. షుగర్ ఉన్న మిగతా పిల్లల్లాగే వాళ్లకూ జీవితాంతం ఇన్సులిన్ సూదులే అనుకునేవాళ్లం. 2004లో అన్నా గ్లోయిన్, ఆండ్రూ హాటర్‌స్లీ బృందం వాళ్లలో దాదాపు మూడోవంతు మందికి కేసీఎన్‌జే11 అనే ఒక్క జీన్‌లో లోపం ఉందని కనిపెట్టింది. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల గోడలో పొటాషియం వెళ్లే తలుపు ఒకటి ఉంటుంది. గ్లూకోజ్ పెరిగినప్పుడు అది మూసుకుంటేనే ఇన్సులిన్ బయటికొస్తుంది. ఈ పిల్లల్లో అది మూసుకోవడం లేదు, అంతే. 1950ల నుంచీ వాడుకలో ఉన్న సల్ఫొనైల్‌యూరియా మాత్ర ఆ తలుపును వేరే వైపు నుంచి మూయగలదు. 2006లో 49 మందికి ఇచ్చి చూస్తే 44 మంది ఇన్సులిన్ మానేశారు. ఆ పేపర్ చదివిన రోజు నేను పక్కగదిలోవాళ్లను పిలిచి మరీ ఆ అంకె చూపించాను. పాత మాత్రే, కొత్తగా తెలిసింది కారణం ఒక్కటే. ఒక పసిపిల్ల తల్లి రోజూ సూది గుచ్చే పని తప్పింది. నువ్వు అలాంటిది ఒక్కటి కనిపెట్టినా చాలు నాకు.

ప్రపోజల్ పూర్తి కాకపోయినా సరే, ఉన్నది ఉన్నట్టు పంపు. నువ్వు కొలవబోయే మెటబొలైట్ల పట్టికలో ఒక కాలమ్ కలుపు. ప్రతిదాని ఎదురుగా అది కారణమా, పర్యవసానమా, ఊరికే వెంట వచ్చిందా, ఆ సంగతి ఏ ప్రయోగంతో తేలుతుంది అని రాయి. సగం గళ్లు ఖాళీగా ఉంటాయి. ఉండనీ, మనిద్దరం కూర్చుని చూద్దాం. మీ గైడ్ ఇదంతా అనవసరం అంటే ఆయనతో నేను మాట్లాడతాను, మొహమాటపడకు.

ఇంకోటి. మీ నాన్న ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏ1సీ చూపించుకుని చాలాకాలమైంది. అడిగితే మాట మార్చేస్తున్నాడు. నా మాట వినడు, నీ మాట వింటాడు. చేరే ముందు ఈ వారంలోనే దగ్గరుండి తీసుకెళ్లి చేయించు, రిపోర్ట్ నాకు పంపించు.

ఇట్లు,
మీ అత్తయ్య