జీడిపిక్కలే పైసలుగా చెలామణి అయిన వేసవులు

"చిన్నప్పుడు మీకు బాగా నచ్చిన ఆటలేవి? ఇప్పటి పిల్లలు వాటినెందుకు ఆడటం లేదు?" అన్నది ప్రశ్న. మొదటిదానికి నా జవాబు జీడిపిక్కలాట. రెండోదానికి అందరూ సెల్‌ఫోన్ అంటారు. మా ఊరి వరకు నేను దాన్ని ఒప్పుకోను. ఎందుకో కింద రాస్తాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. పలాస దాటి ఇచ్ఛాపురం వైపు రైల్లో వెళ్తుంటే ఒకపక్క మహేంద్రగిరి కొండలు, రెండోపక్క కొబ్బరితోటలు కనిపిస్తాయి. ఆ తోటల్లోంచి సముద్రం దాకా నడిచే నేలంతా మా ప్రాంతం. ఇసుక నేల కాబట్టి కొబ్బరి, జీడిమామిడి, పనస ఎక్కువ. కొట్లో కొన్న ఆటవస్తువులంటే గోళీలు, బొంగరం, అంతే. మిగతావన్నీ ఏ కాలంలో ఏది కాస్తే దాంతోనే. తాటిముంజలు తినేశాక రెండు బుర్రల్ని పుల్లతో గుచ్చి బండి చేసేవాళ్ళం. గాలి ఎక్కువున్న రోజుల్లో తాటాకు ముక్కలకి తుమ్మముల్లు గుచ్చి గిరగిరా తిప్పుకుంటూ పరుగెత్తేవాళ్ళం. ఏప్రిల్, మే నెలలు మాత్రం పూర్తిగా జీడిపిక్కలవి.

జీడిమామిడి చూడనివాళ్ళ కోసం ఓ మాట. పండు పైన ఉంటుంది, పిక్క దాని కిందన బయటికే వేలాడుతూ ఉంటుంది. ఎర్రటి పండు, పచ్చటి పండు, రెండు రకాలూ ఉంటాయి. పిక్కని మెలితిప్పి తీసుకుంటే పండుకి మా వైపు పెద్ద విలువ లేదు. ఉప్పు రాసుకుని మేం నాలుగు తింటే మిగతావి ఆవులు తినేవి. ఆ రసం చొక్కా మీద పడిందంటే ఆ మరక ఏ సబ్బుకీ లొంగదు. మా వేసవి చొక్కాలన్నీ మరకల చొక్కాలే. పండగ చొక్కా వేసుకుని తోటకెళ్తే ఆరోజు ఇంట్లో పెళ్ళే.

ఇక ఆట. ఇసుకలో గీత గీసి, ఒక్కొక్కరు రెండేసో మూడేసో పిక్కలు ఆ గీత మీద వరసగా నిలబెట్టాలి. పిక్క ఆకారం ఒంపుగా ఉంటుంది కాబట్టి ఇసుకలో కాస్త గుచ్చితే చక్కగా నిలబడుతుంది. దూరంగా ఇంకో గీత. అక్కడ నుంచొని మన కొట్టుడు పిక్కతో వరసని కొట్టాలి. పడ్డవన్నీ మనవే. తప్పితే పక్కవాడి వంతు. ముందు ఎవరు కొట్టాలో తేల్చడానికి అందరూ కొట్టుడు పిక్కల్ని వరస వైపు విసిరేవాళ్ళు. వరసకి దగ్గరగా ఎవరిది పడితే వాడిదే మొదటి వంతు. ఈ దగ్గరా దూరం తేల్చే దగ్గరే సగం గొడవలు. జానతో ఒకడు, బెత్తెతో ఒకడు, అడుగులతో ఇంకొకడు కొలిచేవాడు. పొట్టి కాళ్ళవాడు అడుగులతో కొలుద్దామని ఎందుకంటాడో అందరికీ తెలుసు.

రెండోరకం గుంటాట. అరచేయంత గుంట తీసి, ఇద్దరివీ కలిపిన పిక్కల్ని గుప్పిట్లో పట్టి గుంటలోకి విసరాలి. గుంటలో పడ్డవి విసిరినవాడివి. బయట పడ్డవాటిలో అవతలివాడు ఒకదాన్ని వేలితో చూపిస్తాడు, దాన్ని కొడితే అన్నీ నీవి, పక్కదానికి తగిలితే జరిమానా. చూపించేవాడు రెండు పిక్కలు ఆనుకుని ఉన్నచోటే చూపిస్తాడు. తెలివంతా అక్కడే. వాన పడితేనో, మధ్యాహ్నం బయటికి పంపకపోతేనో గుప్పిట మూసి సరి-బేసి ఆడుకోవడం. అందులో నైపుణ్యం లేదు గానీ పిక్కలు పోయేది మాత్రం అందులోనే ఎక్కువ.

కొట్టుడు పిక్క గురించి చెప్పకపోతే ఈ ఆట గురించి ఏమీ చెప్పనట్టే. మామూలు పిక్కలు కిలోకి నూట యాభై నుంచి రెండొందల దాకా తూగుతాయి. కొన్ని పాత చెట్లకి బొటనవేలికి రెండింతలుండే పిక్కలు కాస్తాయి. ఏ తోటలో ఏ చెట్టుకి అలాంటివి కాస్తాయో మాకు పాఠాలకంటే బాగా తెలుసు. ఆ పిక్కని ఎండబెట్టి, రోజూ అరచేతిలో రుద్దుతూ ఉంటే నున్నగా నల్లగా తయారవుతుంది. అలాంటిది ఎవడూ అమ్మడు, అప్పివ్వడు. పందెంలో పెట్టేవి మాత్రం నాసివి. అందులోనూ మోసం ఉండేది: తాలు పిక్కలు, అంటే లోపల పప్పు లేనివి, వరసలో నిలబెట్టేసేవాళ్ళు. చూడ్డానికి తేడా తెలీదు. అనుమానం వస్తే చెంబులో నీళ్ళు తెచ్చి వేసేవాళ్ళం. తేలితే తాలు, మునిగితే గట్టిది. విత్తనం పిక్కలు ఏరేటప్పుడు పెద్దవాళ్ళు చేసే పరీక్షే ఇది. మా పేచీలు తేల్చడానికి బాగా పనికొచ్చింది.

మిగతా ఆటలకి లేనిది దీనికి ఒకటుంది. గోళీ గెలిస్తే గోళీయే మిగులుతుంది. జీడిపిక్క గెలిస్తే అది డబ్బు. పుల్లైసు బండివాడు గంట కొట్టుకుంటూ వచ్చి బండి ఆపగానే పిక్కలు తీసుకుని ఐసు ఇచ్చేవాడు. కొట్లో బఠాణీలు, నిమ్మబిళ్ళలు కూడా పిక్కలకి దొరికేవి. పైసల్లేని ఇంటి పిల్లడైనా గురి బాగుంటే సాయంత్రానికి ఐసు తినేవాడు. మా ఈడులో ఒకడుండేవాడు, చదువులో ఎప్పుడూ వెనకే, కానీ వేసవిలో వాడి జేబులు రెండూ బరువుగా వేలాడుతూ ఉండేవి. మాకందరికీ అప్పులిచ్చి, మర్నాడు ఒకటికి ఒకటిన్నర వసూలు చేసేవాడు. సగం పిక్క ఎలా ఇస్తాంరా అంటే, రెండు తీసుకో, మూడియ్యి అనేవాడు. లెక్కల్లో వాడికి మార్కులెందుకు రాలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

డబ్బు కాబట్టే పెద్దవాళ్ళతో తగాదా కూడా. కోత అయిపోయిన తోటలో ఆకుల కింద మిగిలినవి ఏరుకుంటే ఎవరూ ఏమీ అనరు, అది పిల్లల హక్కు. చెట్టు మీదవి తెంపితే దొంగతనం. పెరట్లో ఆరబోసిన కుప్పలోంచి తీస్తే అది రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉండేది. మా తాత కుప్ప పక్కనే మంచం వేసుకుని పడుకునేవాడు. లేచాక ఒకసారి కుప్ప చుట్టూ తిరిగి, "ఏట్రా గుంటల్లారా, కుప్ప తగ్గిపోనాది? ఎవుడొట్టుకెల్నాడు?" అనేవాడు. "నానొట్టుకెల్నేదు తాతా, అన్నియ్య ఒట్టుకెల్నాడు" అని మా తమ్ముడు వెంటనే చెప్పేసేవాడు, తన జేబులో ఉన్నవి గలగలమంటున్నా సరే. మా మామ్మ మాత్రం చూసీ చూడనట్టు ఉండి, "ఆడుకోనీ, మళ్ళీ గెలుచుకొస్తారు కదా" అనేది. తోటల యజమానుల్లోనూ ఇలాగే రెండు రకాలు. ఒకాయన కర్రతో వెంటపడేవాడు, ఇంకొకాయన పిలిచి పళ్ళు కూడా ఇచ్చేవాడు. విచిత్రంగా మేం దొంగతనానికి వెళ్ళేది కర్ర ఉన్నాయన తోటకే.

గెలిచిన పిక్కలన్నీ ఐసుకే పోయేవి కాదు. కొన్ని కాల్చుకు తినడానికి. పాత రేకు డబ్బా అడుగున మేకుతో కన్నాలు పొడిచి, మూడు రాళ్ళ మీద పెట్టి, కింద ఎండాకులు అంటించాలి. వేడెక్కేసరికి పిక్కల్లోంచి నూనె కారి భగ్గున మండుతుంది. ఆ పొగ కళ్ళలో పడితే అంతే సంగతులు. మంట అందుకోగానే ఇసుకలో దొర్లించి, చల్లారాక రాయితో కొట్టి పప్పు తీయాలి. ఓపిక పట్టలేక నోటితో కొరికినవాడికి మర్నాడు పెదవులు పొక్కిపోయి ఉండేవి. పెంకులోని ఆ జిగురు నూనె తోలుని కాల్చేస్తుంది. పలాస, కాశీబుగ్గ కార్ఖానాల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతులు చూసినవాళ్ళకి దాని సంగతి తెలుస్తుంది. మా పిన్ని కొన్నేళ్ళు ఆ పని చేసింది. మేం ఆటలో కాల్చుకునే వాసన వస్తే ఆవిడ ముక్కు మూసుకుని లోపలికి పోయేది. ఆ వాసన మాకు సెలవులు, ఆవిడకి కూలి.

జీడిచెట్టు ఇంకో ఆటకి కూడా పుట్టినట్టే ఉంటుంది. కోతికొమ్మచ్చి. కొమ్మలు నేలకి ఆనేటట్టు గొడుగులా పరుచుకుంటాయి, చిన్నపిల్లలు కూడా ఎక్కేయొచ్చు. పడ్డా కింద ఇసుకే. కాలి కింద నుంచి కర్ర దూరంగా విసిరితే, దొంగ పరుగెత్తి దాన్ని తెచ్చి బరిలో పెట్టేలోగా అందరూ చెట్టెక్కేయాలి. దొంగ ముట్టుకునేలోగా దూకి కర్రని అందుకోవాలి. ఆడపిల్లలు మాకంటే బాగా ఆడేవాళ్ళు. మా అప్ప, అంటే అక్క, ఓ కొమ్మ చివరన కూర్చుని, దొంగ దగ్గరికొచ్చేదాకా కదలకుండా ఉండి, కొమ్మని కిందికి వంచుకుంటూ అమాంతం దిగిపోయేది.

అప్ప అంటే గుర్తొచ్చింది. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరికి కంచు పతకం వచ్చింది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన అమ్మాయి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొట్టమొదటి భారతీయ మహిళ. జిల్లా మొత్తం పండగ. పేపర్లో 110, 130, మొత్తం 240 కిలోలు అని పడింది. మర్నాటికే మా పెరట్లో వెయిట్ లిఫ్టింగ్ మొదలైంది. రోకలికి రెండువైపులా పీచుతో కట్టిన కొబ్బరికాయల జంటలు తగిలించి ఎత్తడం. "స్నాచ్", "జర్క్" అని అరుస్తూ ఎత్తేవాళ్ళం, రెండింటికీ తేడా ఎవడికీ తెలీదు. మగపిల్లలం ముక్కుతూ మూలుగుతూ మోకాళ్ళ దాకా తెస్తే, రోజూ నూతిలోంచి నీళ్ళు తోడే అప్ప ఒక్క ఊపున తలపైకి ఎత్తేసింది. అప్పటినుంచి కోతికొమ్మచ్చిలో ఆమెతో ఎవడూ పేచీ పెట్టుకోలేదు.

మిగతావి క్లుప్తంగా. కొబ్బరిమట్టని చెక్కి క్రికెట్ బ్యాటు చేసుకునేవాళ్ళం. పచ్చిమట్టతో ఆడితే చేతులు లాగేసేవి, ఎండితే తేలిక. కరెంటు పోయిన వెన్నెల రాత్రుల్లో వెన్నెలకుప్పలు ఆడేవాళ్ళం: రెండు జట్లూ గోడల వారన, చెట్ల మొదట్లో చిన్న చిన్న ఇసుక కుప్పలు దాచిపెట్టాలి, అవతలివాళ్ళు వెతికి చెరిపేయాలి, దొరకనివి లెక్కకి. సెలవులకి బరంపురం నుంచి వచ్చే మా బావ ఒడియాలో లెక్కపెట్టేవాడు, అది కరెక్టో కాదో తెలీక ఎప్పుడూ వాడే గెలిచేవాడు. అష్టాచెమ్మా ఇంట్లో ఆడవాళ్ళది, గవ్వలు లేకపోతే అరగదీసిన చింతపిక్కలతో. మా ఆవిడది చీపురుపల్లి వైపు. వాళ్ళ బాల్యమంతా చింతపిక్కలే, జీడిపిక్కలతో పందేలంటే ఇప్పటికీ నమ్మదు.

సరే, ఎందుకు పోయాయి? మా ఊళ్ళో ఫోన్లు రాకముందే పిక్కలాట తగ్గిపోయింది. మొదటి కారణం ధర. పిక్కలు 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతారు, గిట్టుబాటు ధర కోసం రైతులు రోడ్డెక్కుతూనే ఉన్నారు. ప్రతి పిక్కా బస్తాలోకే పోవాలి. కాపు మీదే తోట కొనుక్కున్న వ్యాపారి ఆకుల కింద పిక్కల్ని కూడా ఏరించుకుంటాడు. పిల్లల హక్కు అలా పోయింది. పలాస ఫ్యాక్టరీలకి ఆఫ్రికా నుంచి కూడా పిక్కలొస్తున్నాయి, కానీ అవి బస్తాల్లో లారీ దిగి గోడౌన్లోకే పోతాయి.

రెండో కారణం తిత్లీ తుపాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి, పనస నేలమట్టం. మేం ఎక్కిన చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. తర్వాత వేసిన అంటుమొక్కలు మూడు నాలుగేళ్ళకే కాపుకొస్తాయి, నిజమే. కానీ కోతికొమ్మచ్చికి మాత్రం పిల్లల బరువు మోసే పాత కొమ్మలు కావాలి. చెట్టు లేదు, పిక్క దొరకదు, వేసవి సెలవుల్లో కూడా ట్యూషన్లు. ఇవన్నీ ఖాళీ చేసిన చోట ఫోను వచ్చి కూర్చుంది. దాన్ని తిట్టి లాభమేంటి?

మీ పిల్లల చేత ఆడించాలనుకుంటే మార్చి, మే మధ్య మా వైపు రండి. అడిగితే కిలో పిక్కలు ఎవరైనా ఇస్తారు, పలాస బజారులో కొనుక్కున్నా సరే. బాగా ఎండినవే తీసుకోండి, పచ్చివాటిని తాకనీయొద్దు. నోట్లో పెట్టుకోకుండా చూడండి, ఆడాక చేతులు సబ్బుతో కడిగించండి. సిమెంటు నేల మీద పిక్క నిలబడదు, కాస్త ఇసుక పోయించుకోండి. కొట్టుడు పిక్క మాత్రం ఎవరిది వాళ్ళే వెతుక్కోవాలి, మీరు ఏరి ఇవ్వొద్దు. పందెం వద్దని మాత్రం అనకండి, పందెం లేకపోతే పది నిమిషాల్లో లేచిపోతారు.