టైప్ కోడ్‌ల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

ఆశీస్సులు. ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్క్ పరికరాలను అడిగి వాటి వివరాలు తెలుసుకునే పద్ధతి) లైబ్రరీలోని డేటా టైప్ కోడ్‌ల మీద, అంటే వచ్చిన విలువ ఏ రకానిదో చెప్పే అంకెల మీద, నువ్వు రాసి పంపింది చదివాను. పట్టికలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఇంటీజర్‌కి 2, ఆక్టెట్ స్ట్రింగ్‌కి 4, నల్‌కి 5, ఆబ్జెక్ట్ ఐడెంటిఫైయర్‌కి 6, ఐపీ అడ్రస్‌కి 64, కౌంటర్32కి 65, గేజ్32కి 66, టైమ్‌టిక్స్‌కి 67, ఒపేక్‌కి 68, కౌంటర్64కి 70. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కాకపోతే పట్టిక అయిపోగానే వ్యాసమూ అయిపోయింది. నా పేచీ అక్కడే. ఆ అంకెలు లైబ్రరీ సోర్స్ తెరిస్తే ఎవరికైనా కనిపిస్తాయి. 65 అని వచ్చింది సరే, ఆ విలువతో ఇప్పుడు ఏం చేయాలి అన్నది తెలియకే పాఠకుడు నీ దాకా వస్తాడు.

ముందు ఒక చిన్న పని. 6 దగ్గర ఆగిన అంకెలు ఒక్కసారిగా 64కి ఎందుకు దూకాయో చెప్పు. టైప్ కోడ్ అంటే ఒక బైట్, అందులో పై రెండు బిట్లు తరగతిని చెబుతాయి. రెండూ సున్నాలైతే అది ఏఎస్‌ఎన్.1లో (డేటా రూపాన్ని వివరించే ప్రామాణిక భాషలో) అందరికీ ఉన్న టైప్. 01 అయితే ఎస్‌ఎన్‌ఎంపీ తన కోసం పెట్టుకున్నది, అంటే 64 మీద ఎంతో కొంత. ఐపీ అడ్రస్‌కి సున్నా, కౌంటర్‌కి 1, గేజ్‌కి 2, అలా. 10 అయితే సందర్భాన్ని బట్టి అర్థం వచ్చేది, అది 128 నుంచి మొదలవుతుంది. మూడో బిట్ విలువ 32. లోపల ఇంకా ముక్కలు ఉన్నాయని దాని అర్థం. అందుకే సీక్వెన్స్ (ముక్కల వరస) 16 కాకుండా 48 అయింది, గెట్ రిక్వెస్ట్ (విలువ ఇమ్మని అడిగే సందేశం) 160 అయింది. ఈ ఒక్క పేరా ఉంటే పాఠకుడు పట్టికను బట్టీ పట్టక్కర్లేదు. కొన్ని లైబ్రరీలు కోడ్‌లను హెక్సాలో (పదహారు ఆధారంగా ఉన్న అంకెల్లో) రాస్తాయి కాబట్టి 65, హెక్సా 41 ఒకటేనని కూడా ఒక ముక్క వెయ్యి. 69, 71 ఏమయ్యాయని ఎవరైనా అడిగితే, అవి వాడుక పోయిన పాత టైపులు అని చెప్పి ముందుకు వెళ్లిపో.

ఆ తర్వాత నిజమైన బైట్లు చూపించు. పరికరాన్ని సిస్‌అప్‌టైమ్ (అది ఎంతసేపటి నుంచి నడుస్తోందో చెప్పే విలువ) అడిగితే 67, 4, 0, 131, 214, 0 వచ్చాయనుకో. 67 టైప్, 4 పొడవు, మిగతా నాలుగూ విలువ. కలిపితే 8640000. టైమ్‌టిక్స్ కాబట్టి సెకనులో నూరో వంతు లెక్క, అంటే సరిగ్గా ఒక రోజు. మొదటి బైట్ 67 బదులు 66 అయి ఉంటే అదే 8640000 ఈ క్షణాన ఉన్న కొలత అయ్యేది. 65 అయి ఉంటే ఒంటరిగా దానికి పెద్ద అర్థమే లేదు. మిగతా బైట్లు మాత్రం ఒక్కటీ మారలేదు చూడు! అన్నట్టు, మధ్యలో ఆ సున్నా ఎందుకని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. 131లో పై బిట్ 1. ముందు సున్నా పెట్టకపోతే ఆ సంఖ్యను రుణసంఖ్యగా చదవాల్సి వస్తుంది. సొంతంగా డీకోడర్ రాసుకునేవాళ్లు తడబడేది ఇలాంటి చోటే.

కౌంటర్ దగ్గర తొందరపడకు. గేజ్‌ను బండి స్పీడోమీటర్‌తో పోల్చావు, బాగుంది, ఉంచు. కానీ కౌంటర్‌కి ‘పెరుగుతూ పోయే సంఖ్య’ అని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. రెండు రీడింగులు తీసుకుని తేడా చూస్తేనే కౌంటర్ మాట్లాడుతుంది. కౌంటర్32 అయితే 4294967295 దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ముందటి రీడింగ్ 4294967000, ఇప్పటిది 704 అనుకో. ఊరికే తీసివేస్తే గ్రాఫ్ పాతాళానికి పోతుంది, అసలు తేడా 1000. ఇలాంటి లెక్క ఒకటి చేసి చూపించు. నూరు మెగాబిట్ల లింక్ నిండుగా నడిస్తే ఆక్టెట్ల (బైట్ల) కౌంటర్32 ఆరు నిమిషాలు కూడా నిలవదు. గిగాబిట్ అయితే 34 సెకన్లు. అయిదు నిమిషాలకోసారి అడిగేవాడికి ఈలోగా అది ఎన్నిసార్లు తిరిగిందో తెలిసే దారి లేదు. కౌంటర్64 ఎందుకు వచ్చిందో చెప్పాల్సింది ఇక్కడే. ఎస్‌ఎన్‌ఎంపీ వెర్షన్ 1లో దానికి చోటు లేదని కూడా ఇక్కడే చెప్పు. పరికరం రీస్టార్ట్ అయినా కౌంటర్ వెనక్కి పోయినట్టే కనిపిస్తుంది కాబట్టి పక్కనే సిస్‌అప్‌టైమ్ కూడా చూసుకోమను.

128, 129, 130 మూడింటినీ అడుగున ‘ఎర్రర్లు’ అని నెట్టేశావు. నాకు అది నచ్చలేదు. అవి విలువ ఉండాల్సిన చోట వచ్చే కోడ్‌లు. అలాంటి ఆబ్జెక్ట్ (అడగదగ్గ అంశం) లేదు, ఆబ్జెక్ట్ ఉంది కానీ ఆ ఇన్‌స్టెన్స్ (ఫలానా పోర్ట్‌ది అన్నట్టు, అందులో ఒకటి) లేదు, చూడాల్సింది అయిపోయింది అని వరసగా వాటి అర్థం. వెర్షన్ 2 నుంచి జవాబులో ఎర్రర్ స్టేటస్ సున్నాగానే ఉండి, లోపల ఒక్క వేరియబుల్ మాత్రం 129తో రావచ్చు. ఎర్రర్ లేదు కదా అని ఆ విలువను సున్నాగా దాచుకున్న ప్రోగ్రామ్, లేని పోర్ట్‌కి కూడా చక్కగా గ్రాఫ్ గీస్తుంది.

ఇంకొకటి, దీని ఊసే నీ వ్యాసంలో లేదు. కోడ్ చెప్పని సంగతులూ ఉంటాయి. పరికరం వివరణా 4 కిందే వస్తుంది, ఆరు బైట్ల మ్యాక్ అడ్రసూ 4 కిందే వస్తుంది. ఏది అక్షరాలుగా చూపించాలో, ఏది హెక్సాలోనో మిబ్ (ఏ ఆబ్జెక్ట్ ఏమిటో వివరించే నిర్వచనాల ఫైల్) చదివితేనే తెలుస్తుంది. అన్‌సైన్డ్32, గేజ్32 రెండింటికీ 66 ఒక్కటే. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ట్రూత్‌వాల్యూ. అది మామూలు ఇంటీజర్‌గానే వస్తుంది. నిజానికి 1, అబద్ధానికి 2. సున్నా కాకపోతే నిజమే అనుకుని కోడ్ రాసినవాడికి రెండూ నిజాలే. ఇది ఒక్కటి చూపించినా పాఠకుడు నీ మాట నమ్ముతాడు.

చరిత్ర రెండు వాక్యాలు మించనివ్వకు. 1990 నాటి ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 1155లో వెర్షన్ 1 టైపులు, 1999 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2578లో ఇప్పుడు వాడే నిర్వచనాలు. అంతే చాలు. కౌంటర్‌కి ‘గణకము’, గేజ్‌కి ‘మాపకము’ అని రాశావే, అవి తీసేయ్. కోడ్‌లో ఏ పేరు ఉందో వ్యాసంలోనూ అదే ఉండనీ, లేకపోతే వెతుక్కునేవాడికి దొరకదు.

పట్టికను మాత్రం చివరికి జరుపు. ముందు ఆ ఆరు బైట్లతో మొదలుపెట్టి, కౌంటర్ భాగం ఇప్పుడున్నదానికి మూడింతలు చేసి పంపించు. వెర్షన్ 1లో లేని ఆబ్జెక్ట్‌ని అడిగితే జవాబు ఎలా వస్తుందో నువ్వే ఒకసారి ప్యాకెట్ పట్టుకుని చూసి, ఆ బైట్లు కూడా అందులో చేర్చు.

ఉంటాను,
అన్నయ్య