కుట్టు మెషీన్లు దొరుకుతాయి, దారం సంగతి ముందు చూడు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మంచిర్యాల జిల్లాలో నువ్వు ప్రధానోపాధ్యాయురాలిగా ఉన్న జడ్పీ హైస్కూలు, తొమ్మిది, పది తరగతుల్లో కలిపి 80 మంది పిల్లలు, ఖాళీగా ఉన్న ఒక గది, అందులో కుట్టు కోర్సు పెట్టాలని నీ కోరిక. మెషీన్లు ఎవరిస్తారు మాస్టారూ అని అడిగావు. మెషీన్లు దొరుకుతాయమ్మా. రెండో ఏడాది జులైలో గుడ్డ, దారం, సూదులు ఎవరిస్తారన్నదే అసలు ప్రశ్న. నిధులిచ్చే చాలామందికి వస్తువు కొనివ్వడానికి నిబంధన ఒప్పుకుంటుంది, ఏటా అయ్యే ఖర్చుకు ఒప్పుకోదు. అందుకే స్కూళ్లలో వృత్తివిద్య గదులు రెండో ఏడాదికి తాళం వేసుకుంటాయి. అలాంటి గది తలుపు తీసి చూడు. మెషీన్ మీద గుడ్డ కప్పి ఉండదు, సూది కడ్డీకి తుప్పు, షటిల్‌లో దుమ్మూ నూనే కలిసి గట్టిపడి చక్రం తిరగదు, బెల్టు ఎండి పగుళ్లు బారి ఉంటుంది. పాడైంది మెషీన్ కాదు, దాన్ని నడిపే డబ్బు సంగతి ఎవరూ ఆలోచించలేదు, అంతే.

కాబట్టి ఎవరినీ అడగక ముందు ఒక కాగితం తీసుకుని నిలువుగా గీత గీయి. ఎడమ వైపు ఒక్కసారి పెట్టే ఖర్చు, కుడి వైపు ఏటా పెట్టే ఖర్చు. ఉదాహరణకి నేనొక లెక్క వేస్తాను, ధరలు మీ దగ్గరి కొటేషన్లతో మార్చుకో. తొక్కుడు మెషీన్లు 10, ఒక్కోటి 8 వేలు అనుకుంటే 80 వేలు. మోటారుతో నడిచే పవర్ మెషీన్లు 2, ఒక్కోటి 25 వేల చొప్పున 50 వేలు. గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మెషీన్ ఒకటి 15 వేలు. కటింగ్ టేబుళ్లు, ఇస్త్రీ పెట్టె, కత్తెరలు, టేపులు, బీరువా 35 వేలు. వైరింగ్, ఎర్తింగ్ 30 వేలు. మొత్తం 2 లక్షల 10 వేలు. ఇది ఎడమ వైపు.

కుడి వైపు జాగ్రత్తగా వేయి. పిల్లకు 6 మీటర్ల కోరా గుడ్డ, 80 మందికి 480 మీటర్లు, మీటరు 50 చొప్పున 24 వేలు. దారం, గుండీలు, జిప్పులు, డ్రాఫ్టింగ్ కాగితం, సూదులు కలిపి 9 వేలు. సూదుల్ని తక్కువగా చూడకు. నేర్చుకునే చేతిలో సూది తరచుగా విరుగుతుంది, మెషీన్‌కు నెలకు 2 చొప్పున 12 మెషీన్లకు 9 నెలల్లో 216 కావాలి. సర్వీసు, బెల్టులు, బాబిన్ కేసులు 7 వేలు. కరెంటు 4 వేలు. పిల్లల్ని కుట్టు యూనిట్ చూపించడానికి బస్సు 6 వేలు. బయటి నుంచి వచ్చి నేర్పే వాళ్లకు గౌరవ భత్యం 4 వేలు. కలిపితే 54 వేలు. ధరలు పెరుగుతాయి కనుక పైన పదో వంతు వేసుకుని 60 వేలు అనుకో. అంటే పిల్లకు ఏటా 750 రూపాయలు. ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు ఈ అంకె చెప్పు. మొత్తం విన్నవాడు తటపటాయిస్తాడు, పిల్లకింత అని విన్నవాడు లెక్క వేస్తాడు.

ఇప్పుడు ఏ ఖర్చు ఎవరు భరించగలరో చూద్దాం.

మొదటి దారి సమగ్ర శిక్ష. 2018లో మొదలైన ఈ పాఠశాల విద్యా పథకంలో 9 నుంచి 12 తరగతులకు వృత్తివిద్య ఒక భాగం. మన రాష్ట్రానికి కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. పరికరాలు, శిక్షకుడు, ముడిసరుకు, ఈ మూడూ ఇక్కడే ఒకే చోట దొరుకుతాయి. అందుకే ముందు ఇదే అడగాలి. అయితే స్కూలు నేరుగా అడిగితే రాదు. జిల్లా నుంచి రాష్ట్ర వార్షిక ప్రణాళికలో చేరాలి, దాన్ని ఢిల్లీలో ప్రాజెక్టు అప్రూవల్ బోర్డు ఆమోదించాలి. ఎండాకాలంలో అడిగితే ఏడాది పోయినట్టే. దసరా తర్వాత జిల్లా విద్యాధికారి (డీఈఓ) కార్యాలయంలో వృత్తివిద్య చూసే వారికి ప్రతిపాదన ఇవ్వు, రసీదు తీసుకో. బోర్డు సమావేశ నిర్ణయాలు (మినిట్స్), వాటితో పాటు ఖర్చుల పట్టిక కేంద్ర విద్యాశాఖ వెబ్‌సైట్‌లో పెడతారు. మన రాష్ట్రానిది తెరిచి, ఏ పద్దు కింద స్కూలుకు ఎంత ఇచ్చారో చదువు. ఆ పద్దు పేరుతోనే నీ కాగితం రాస్తే పై అధికారి చేయాల్సిన పని సగం తగ్గుతుంది.

ఇక్కడ ప్రతిపాదనలు చాలావరకు యూడైస్ దగ్గరే, అంటే స్కూళ్ల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ డేటాబేస్ దగ్గరే ఆగిపోతాయి. లెక్కకు తీసుకునేది అందులో నమోదైన వివరాలే. నీ ఖాళీ గది అందులో "వాడుకలో ఉంది" అని పడినా, పిల్లల సంఖ్య తప్పు పడినా, కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి నీ స్కూల్లో చోటు లేనట్టే. ఆపరేటరుకు వదిలేయకుండా నువ్వే పక్కన కూర్చుని నింపించు.

ఇంకో మాట. ఆమోదించిన కోర్సుల జాబితాలో లేనిది సొంత నిధులతో నడిపితే దానికి నైపుణ్య సర్టిఫికెట్ రాదు. తల్లిదండ్రులకు ఆ సంగతి మొదటి రోజే చెప్పు. పరికరాల పట్టిక కూడా సొంతంగా తయారు చేయకు. భోపాల్‌లో ఎన్సీఈఆర్టీ కింద పనిచేసే పండిత్ సుందర్‌లాల్ శర్మ వృత్తివిద్యా సంస్థ కోర్సు పుస్తకాల్లో పరికరాల జాబితాలు ఉంటాయి. దాని ప్రకారం కొంటే రేపు సమగ్ర శిక్షలో చేరినప్పుడు అవే మెషీన్లు పనికొస్తాయి.

స్కూలు గ్రాంటును కొంచెమే వాడుకోగలవు. పిల్లల సంఖ్య 101 నుంచి 250 వరకు ఉంటే 50 వేలు, 251 నుంచి 1000 వరకు ఉంటే 75 వేలు. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకే. సుద్దముక్కలూ మరమ్మతులూ పోగా మిగిలేది కొద్దిగా. దాంట్లోంచి సర్వీసు, నూనె ఖర్చు పెట్టుకో, అంతకు మించి దాని మీద ఆశ పెట్టుకోకు.

కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధుల గురించి కాస్త ఎక్కువ రాస్తాను, పొరపాట్లు జరిగేది ఇక్కడే. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ముందటి ఏడాది నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం ఖర్చు పెట్టాలి. అదే చట్టం ఏడో షెడ్యూల్‌లో విద్య, ఉపాధి పెంచే వృత్తి నైపుణ్యాలు పేరు పెట్టి ఉన్నాయి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలోనే ఉంది. మీ జిల్లాలో సింగరేణి ఉంది, పక్కనే పెద్దపల్లి జిల్లాలో రామగుండం ఎన్టీపీసీ ఉంది. కేంద్రం నడిపే సీఎస్ఆర్ పోర్టల్‌లో కంపెనీల ఖర్చు వివరాలు చూడొచ్చు. విద్య మీద ఇప్పటికే ఖర్చు పెడుతున్న వాళ్లను ముందు ఎంచుకో.

వాళ్లను డబ్బు అడగకు, వస్తువులు అడుగు. వేరే సంస్థ ద్వారా ఖర్చు పెట్టాలంటే ఆ సంస్థకు సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ ఉండాలి, 2021 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి. నీ స్కూలు కమిటీకి అది ఉండదు. కంపెనీయే నేరుగా కొని స్కూలుకు అప్పగించే పద్ధతిలో ఈ చిక్కు రాదు. సీఎస్ఆర్ డబ్బుతో కొన్న ఆస్తి కంపెనీ పేరున ఉండకూడదు, ప్రభుత్వ సంస్థ పేరున ఉండొచ్చు. కాబట్టి అప్పగింత పత్రంలో ఎవరి పేరు రాయాలో డీఈఓను ముందే అడిగి రాయించుకో.

నా సలహాల్లో ముఖ్యమైనది ఇది. మెషీన్లకు మాత్రమే అడిగి రాకు. 2 లక్షల 10 వేలు, ఏటా 60 వేల చొప్పున మూడేళ్లకు 1 లక్షా 80 వేలు, మొత్తం 3 లక్షల 90 వేల ప్రాజెక్టుగా అడుగు. మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్ల వరకు సాగే పనిని సీఎస్ఆర్ నియమాల్లో కొనసాగే ప్రాజెక్టుగా చూపొచ్చు. ఏడాది చివర ఖర్చు కాని డబ్బును కంపెనీ 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలోకి మార్చుకుని ఆ ప్రాజెక్టుకే వాడుతుంది. వాళ్లకూ ఇది వీలే, నీకూ దారం దొరుకుతుంది. గుడ్డ, దారం ఏటా జూన్‌లో సరఫరా చేయాలని ఒప్పందంలోనే నెల పేరుతో రాయించు. "అవసరాన్ని బట్టి" అని రాస్తే ఆ అవసరం ఎవరికీ గుర్తుండదు.

అడిగే సమయాలు రెండు. ఏప్రిల్ నుంచి జులై లోపు, ఏడాది బడ్జెట్ వేసుకునేటప్పుడు ఒకసారి. డిసెంబరులో, ఇంకా ఖర్చు మిగిలిన కంపెనీలు సిద్ధంగా ఉన్న పని కోసం చూస్తున్నప్పుడు మరోసారి. రెండోసారి వెళ్లేటప్పుడు కొటేషన్లు, తీర్మానం, గది ఫొటోలు చేతిలో ఉండాలి. మార్చిలో వచ్చిన మెషీన్లను మాత్రం ఎండాకాలం సెలవుల ముందే బిగించి, తొక్కి చూసి తీసుకో. పెట్టెల్లోనే వదిలేస్తే జూన్‌లో తెరిచేసరికి ఏ భాగం తక్కువ వచ్చిందో చెప్పినా సరఫరాదారు ఒప్పుకోడు.

బొగ్గు గనుల జిల్లా కనుక మీకు మరో దారి ఉంది. గని లీజుదారులు రాయల్టీకి తోడుగా జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు వాటా కడతారు. ఆ నిధికి ప్రాధాన్య రంగాల్లో విద్య, నైపుణ్యాభివృద్ధి ఉన్నాయి. మీ ఊరు గనుల ప్రభావిత గ్రామాల జాబితాలో ఉందో లేదో గనుల శాఖ అసిస్టెంట్ డైరెక్టర్ (ఏడీ) కార్యాలయంలో చూడు. ఉంటే డీఈఓ ద్వారా కలెక్టరుకు ప్రతిపాదన పెట్టు. గది మరమ్మతు, వైరింగ్, మెషీన్ల వంటి పనులకు ఇది సరిపోయే నిధి. ఎంపీ నిధులు కూడా ఏడాదికి 5 కోట్లు ఉంటాయి గానీ, నిలిచే ఆస్తికే. గుడ్డకూ జీతానికీ అవి అడిగితే కాగితం తిరిగి వస్తుంది.

పూర్వ విద్యార్థుల దగ్గర పాస్‌పోర్టు సంగతి తప్పకుండా అడుగు. దుబాయ్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తూ భారత పౌరసత్వం ఉన్నవాళ్లు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇస్తే అది విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్, ఢిల్లీ స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. తెలియక కమిటీ ఖాతాలో వేయించుకుంటే మంచి మనసుతో ఇచ్చిన డబ్బే చిక్కు తెస్తుంది. ఆ డబ్బు వాడాలంటే రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ఒకటి స్వయంగా వచ్చి నీ స్కూల్లో పని చేయాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ డబ్బును ఇంకొకరికి బదిలీ చేయకూడదు. స్కూలు కమిటీకి ఇస్తే ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు దానంతట అదే వస్తుందని కూడా ఎవరికీ మాట ఇవ్వకు. పూర్వ విద్యార్థులను పెద్ద మొత్తం ఒక్కసారి అడగడం కంటే ఏటా నలుగురు పిల్లల ఖర్చు, 3 వేల రూపాయలు అడగడం నయం. 20 మంది ఒప్పుకుంటే నీ 60 వేలు పూర్తవుతాయి. నాలుగో ఏడాది నుంచి కోర్సును నిలబెట్టేది ఇదే.

మీ ఊళ్లోనే ఉన్న బలం మరిచిపోకు. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి అధ్యక్షురాలు మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలే, నువ్వు సభ్య కన్వీనర్‌వి. స్కూలు యూనిఫాంలు కుట్టేది మహిళా సంఘాల వాళ్లే. ఆ కుట్టు కేంద్రంలో కత్తిరించగా మిగిలిన ముక్కలు మొదటి రెండు నెలల సాధనకు సరిపోతాయి, తిన్నగా కుట్టడం, వంపుగా కుట్టడం వాటి మీదే నేర్పొచ్చు. వాళ్లలో చేయి తిరిగిన ఒకరిని వారానికి రెండు పూటలు పిలుచుకో. కానీ పిల్లల చేత యూనిఫాంలు కుట్టించే పని మాత్రం ఎవరడిగినా వద్దను. అది చదువు కాదు, పని చేయించుకోవడం అవుతుంది. స్వచ్ఛందంగా సాయం చేసేవాళ్లను స్కూళ్లతో కలిపే విద్యాంజలి పోర్టల్‌లో కూడా యూడైస్ కోడ్‌తో స్కూలును చేర్చి, శిక్షకుల అవసరం, వస్తువుల అవసరం నమోదు చేసి ఉంచు.

కాగితాల విషయానికొస్తే, ప్రతిపాదన రెండు పేజీలు దాటనివ్వకు. కమిటీ తీర్మానం నకలు, మూడు కొటేషన్లు, గది కొలతలు, ఫొటోలు జతచెయ్యి. కొటేషన్‌లో జీఎస్టీ, రవాణా, బిగింపు, స్టాండు, మోటారు అన్నీ కలిపారో లేదో చూడు. మెషీన్ పై భాగం (హెడ్) ధర మాత్రమే చూపించి తర్వాత స్టాండుకు వేరే బిల్లు వేసేవాళ్లు ఉంటారు. వచ్చిన రోజే ప్రతి మెషీన్ నంబరు స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించు, ఇచ్చినవారి పేరు ఎదురుగా రాయి. ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ పత్రం గడువు కన్నా ముందే పంపు. అది అందని స్కూలుకు రెండో విడత ఆగుతుంది, పక్క స్కూలు అడిగినప్పుడు కూడా వాళ్లకు అదే గుర్తొస్తుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పుస్తకాలు లేకుండా వచ్చి చేతిపనులు నేర్చుకునే బ్యాగు లేని రోజులు ఈ గదిలోనే జరిపి ఫొటోలతో కలిపి పంపితే, ఉపయోగపడిన పిల్లల సంఖ్య పెరిగి నీ అభ్యర్థనకు బలం వస్తుంది.

అన్నిటికన్నా ముందు ఒక పని చెయ్యి. పవర్ మెషీన్లు, ఓవర్‌లాక్ కలిపి మూడు మోటార్లు, ఒక్కోటి అర కిలోవాటు. ఇస్త్రీ పెట్టె ఒక కిలోవాటు. ఫ్యాన్లు, కంప్యూటర్లు ఇప్పటికే ఉన్నాయి. మీ మీటరుకు మంజూరైన లోడు 2 కిలోవాట్లే అయితే మెషీన్లు వచ్చిన రోజే ఫ్యూజు పోతుంది. ఈ వారమే కరెంటు అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) ఆఫీసుకు వెళ్లి లోడు ఎంతో కనుక్కో, పెంచడానికి ఎంత కట్టాలో రాయించుకుని ఎడమ వైపు లెక్కలో కలుపు. ఆ కాగితమూ గది కొలతలూ నాకు పంపు, బడ్జెట్ పేజీ కలిసి సరిచూద్దాం.

ఆశీస్సులతో,
మాస్టారు