కొత్త ఉద్యోగం, పెద్ద నగరం, ఒక్కడినే: ఆఫీసు పక్కనే ఇల్లు తీసుకోవాలా?

మీ ప్రశ్న చదవగానే నా అరికాళ్ళకి చల్లటి సిమెంటు నేల తగిలినట్టయింది. ఎందుకో చెబుతాను.

మీకు ఇరవై ఐదేళ్ళు, మొదటి మంచి ఉద్యోగం, పెళ్ళి కాలేదు, ఆ నగరంలో తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఆఫీసు పక్కనే కొత్త బిల్డింగ్‌లో చిన్న ఫ్లాట్ ఒకటి చూశారు, అద్దె ఎక్కువ. ముప్పావుగంట దూరంలో పాత ఏరియాలో ఇంకోటి చూశారు, అద్దె తక్కువ, చుట్టూ గోల. ఏది తీసుకోవాలని అడిగారు. ఎవరినడిగినా ఆఫీసు పక్కనే తీసుకోమంటారు. నన్నూ అలాగే అన్నారు, నేనూ అలాగే చేశాను.

ఇంటి నుంచి నా సీటు దాకా ఆరు నిమిషాలు. లిఫ్ట్ కోసం ఆగే టైముతో కలిపి చెబుతున్నాను. మొదటి నెలంతా కనిపించినవాళ్ళందరికీ ఈ ఆరు నిమిషాల గురించి చెప్పుకున్నాను. ట్రాఫిక్‌లో చెమటలు కక్కుకుంటూ వచ్చే కొలీగ్స్‌ని చూసి జాలిపడేవాణ్ణి. రెండో నెలలో అసలు సంగతి తెలిసింది. ఆఫీసుకి దగ్గరలో ఇల్లు తీసుకుంటే ఆఫీసే ఇంటికి వస్తుంది. "నువ్వు పక్కనే కదా, ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళవా" అని ఆదివారం ఫోను. ఎవరో సిస్టమ్ ఆఫ్ చేయడం మర్చిపోతే నాకు ఫోను. ఒకసారి మేనేజర్ గారి గొడుగు తీసి లోపల పెట్టడానికి కూడా వెళ్ళాను. ఆయన ఇల్లు గంటన్నర దూరం, పాపం.

ఆ ఏరియా పగలు చూస్తే తిరునాళ్ళ. సాయంత్రం ఏడు దాటితే పరీక్షలైపోయిన స్కూల్లా ఉండేది. అక్కడి షాపులన్నీ ఆఫీసులవాళ్ళని నమ్ముకుని పెట్టినవి. ఆఫీసులవాళ్ళు వెళ్ళగానే షట్టర్లు దించేస్తారు, శని ఆదివారాలు కొన్ని అసలు తెరవరు. ఇల్లు చూడటానికి నేను వెళ్ళింది మధ్యాహ్నం ఒంటిగంటకి, కిటకిటలాడుతున్నప్పుడు. మంచి సందడిగా ఉంది అనుకుని ఆ రోజే అడ్వాన్స్ ఇచ్చేశాను.

ఏడో నెల, ఒక మంగళవారం, రాత్రి పదకొండు దాటింది. గీజర్ పాడై మూడు వారాలైంది. ఓనర్‌కి చెబితే "మనిషిని పంపుతాను" అన్నారు. ఆ మనిషి ఇప్పటికీ రాలేదు. అందుకని స్నానానికి స్టవ్ మీద గిన్నెతో నీళ్ళు పెట్టి, ఈలోగా చెత్త సంచి కారిడార్ చివర పడేసి వద్దామని బయటికి వచ్చాను. నాలుగడుగులు వేశానో లేదో వెనక తలుపు గాలికి ధన్‌మని పడింది. మూసుకుంటే బయటి నుంచి తాళం చెవి లేకుండా తెరుచుకోని రకం అది. తాళం చెవి లోపల, ఫోన్ లోపల, చెప్పులు లోపల, స్టవ్ మీద నీళ్ళు. నేనేమో షార్ట్స్‌లో, చేతిలో చెత్త సంచితో బయట.

మా అంతస్తులో ఎనిమిది తలుపులు. మూడింటి కింద నుంచి వెలుతురు కనిపించింది. మొదటి తలుపు కొట్టాను, పలకలేదు. రెండోది కొడితే టీవీ సౌండ్ తగ్గించారు, అంతే. మూడో తలుపుకి బయట ఎవరున్నారో చూసుకునే చిన్న అద్దం ఉంది. అందులో కనిపిస్తున్న వెలుతురు నల్లబడింది. అంటే అవతల ఎవరో కన్ను పెట్టి చూస్తున్నారు. "నేను ఇక్కడే, చివరి ఫ్లాట్‌లో ఉంటానండీ" అన్నాను. కాసేపటికి అద్దంలో వెలుతురు మళ్ళీ వచ్చింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. వాళ్ళని తప్పుపట్టను. అంతకుముందు వాళ్ళు నా మొహం చూసి ఉంటే కదా! నేను పొద్దున పోయి రాత్రి వచ్చేవాణ్ణి, వాళ్ళూ అంతే.

కింద సెక్యూరిటీ అతను చేరి నాలుగు రోజులైంది. ఏజెన్సీ వాళ్ళు పదిహేను రోజులకొకసారి మనిషిని మార్చేవారు. అతని దగ్గర రిజిస్టర్ ఉంది, అందులో ఓనర్ పేరు కూడా ఉంది, నంబరు మాత్రం లేదు. మరి నాకు ఆ నగరంలో తెలిసిన చోటు ఇంకేముంది? చెప్పుల్లేకుండా ఆఫీసుకి నడిచాను. మీరు నమ్మరు, ఆ రోడ్డంతా లైట్లు ధగధగ వెలుగుతున్నాయి, మనిషి పురుగు లేదు. అంతకంటే చీకటే నయమనిపించింది.

ఆఫీసు గేటు దగ్గర కార్డు అడిగారు. కార్డు కూడా ఇంట్లోనే ఉంది. వాదిస్తూ ఉండగా లోపల నేల తుడుస్తున్న ఆవిడ తలెత్తి చూసి, "ఐదో అంతస్తులో కిటికీ పక్కన కూర్చునే బాబు కదా, రానివ్వండి" అంది. రాత్రిళ్ళు లేటయినప్పుడు ఆవిడ నా టేబుల్ చుట్టూ తుడుస్తుంటే కాళ్ళు పైకెత్తడం తప్ప నేను చేసిందేమీ లేదు. ఏడు నెలల్లో ఆ నగరంలో నన్ను గుర్తుపట్టిన ఏకైక మనిషి ఆవిడ.

ఫోన్ ఇచ్చింది. తీసుకున్నాక తెలిసింది, నాకు దాదాపు ఏ నంబరూ గుర్తులేదు. చిన్నప్పుడు ఇరవై నంబర్లు నోటికి వచ్చేవి, ఇప్పుడు తమ్ముడి నంబరు కూడా రాదు. (మీరు ఏ ఏరియాలో ఉన్నా సరే, రెండు నంబర్లు బట్టీ పట్టండి.) గుర్తున్నది అమ్మ నంబరు ఒక్కటే. అర్ధరాత్రి కొత్త నంబరు నుంచి ఫోనొస్తే ఆవిడ గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో ఊహించుకోండి. విషయం చెప్పాను.

"పక్కింటివాళ్ళని లేపరా."

"లేవలేదమ్మా."

"అదేంటి, పేరు పెట్టి పిలువు. వాళ్ళ పేరేంటి?"

నేను మాట్లాడలేదు.

"ఎన్నాళ్ళైందిరా నువ్వు అక్కడికి వెళ్ళి?" అంది అమ్మ. తిట్టినా బాగుండేది. మామూలుగా అడిగింది.

చివరికి గట్టెక్కించింది కూడా ఆ తుడిచే ఆవిడే. ఆవిడ మరిది అలాంటి బిల్డింగుల్లో లిఫ్టులు రిపేరు చేస్తాడట. అతనికి ఫోన్ చేస్తే అతను ఇంకొకరిని లేపి, వాళ్ళు తాళాలు తీసే అతన్ని పట్టుకొచ్చేసరికి ఒంటిగంట దాటింది. నీళ్ళు ఇగిరిపోయి గిన్నె అడుగు నల్లగా మాడి ఉంది. ఇంకో అరగంటైతే ఏమయ్యేదో నేను ఆలోచించను.

అందుకే అంటున్నాను: ఒంటరిగా ఉండేవాడు ఏరియా ఎంచుకునేటప్పుడు ఆఫీసు ఎంత దూరమని మొదట చూడకూడదు. ఆ వీధిలో నన్ను గుర్తుపట్టే మనిషి ఎన్నాళ్ళకి దొరుకుతాడని చూడాలి. కుటుంబం ఉన్నవాళ్ళకి ఇంట్లోనే నలుగురుంటారు కాబట్టి ఏరియా ఎలా ఉన్నా నడుస్తుంది. మనకి ఆ నలుగురూ వీధిలోనే దొరకాలి.

ఇది నా ఒక్కడి గోల కాదు. 1995 జులైలో అమెరికాలోని చికాగోలో ఎండలు మండిపోయి 700 మందికి పైగా చనిపోయారు. అందులో ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళు చాలామంది. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త తర్వాత పక్కపక్కనే ఉన్న రెండు పేటల్ని పోల్చి చూశారు. నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్. రెండూ పేదవే, ఒంటరి ముసలివాళ్ళు రెండింటిలోనూ ఉన్నారు. కానీ ఒకదాంట్లో లక్షకి 40 మంది పోతే, రెండోదాంట్లో లక్షకి నలుగురే. ఆయన చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది వీధి. సౌత్‌లో షాపులు నడుస్తున్నాయి, జనం తిరుగుతున్నారు, కాబట్టి ముసలివాళ్ళు కూడా ధైర్యంగా బయటికి వచ్చి చల్లటి చోట కూర్చున్నారు. నార్త్‌లో వీధులు ఖాళీ అయిపోయి, భయపడి తలుపులు బిగించుకున్నారు. వాళ్ళు ముసలివాళ్ళు, మనం కుర్రాళ్ళం అంటారేమో. నూట మూడు జ్వరంతో ఒక రోజు ఒంటరిగా పడుకుని చూడండి, మీ వయసెంతో మీకే గుర్తుండదు.

స్నేహితులు ఆఫీసులో దొరుకుతారు, ఇల్లు ఎక్కడైతే ఏమని కూడా అంటారు. దొరుకుతారు, వాళ్ళు ఉద్యోగం మారేదాకా. ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలో ఎమ్‌ఐటీ అనే యూనివర్సిటీ విద్యార్థుల కుటుంబాలుండే క్వార్టర్స్‌లో ఎవరికి ఎవరు దగ్గరయ్యారో లెక్కగట్టి 1950లో అచ్చువేశారు. పక్క తలుపువాళ్ళతో బాగా స్నేహమైందన్నవాళ్ళు 41 శాతం, అదే హాలుకి ఆ చివర ఉన్నవాళ్ళతో అయితే 10 శాతం. మెట్ల దగ్గర, ఉత్తరాల పెట్టెల దగ్గర ఉన్నవాళ్ళకి స్నేహితులు ఎక్కువట. గుణాలు, అభిరుచులు అంటాం గానీ రోజూ ఎదురుపడటమే సగం స్నేహం. మా బిల్డింగ్‌లోనూ పక్క తలుపు ఉంది కదా అని అడగొచ్చు. ఎదురుపడేది ఎక్కడ? పార్కింగ్ నుంచి లిఫ్టు, లిఫ్టు నుంచి తలుపు. మెట్లెక్కేవాడు లేడు.

ప్రయాణం సంగతి దాచను. ముప్పావుగంట అంటే రానూపోనూ గంటన్నర, అది నిజంగానే ఎక్కువ. చెజారె మార్కెట్టి అనే ఇటలీ శాస్త్రవేత్త 1994లో ఒక మాట రాశారు: ఏ కాలంలో చూసినా, ఏ ఊళ్ళో చూసినా మనుషులు ప్రయాణానికి పెట్టేది రోజుకి సగటున గంటేనని. నా అనుభవంలో కూడా గంట దాటితే ఒళ్ళు ఎదురుతిరుగుతుంది. కాబట్టి పాత ఏరియాలోనే ఆఫీసు వైపున్న వీధుల్లో వెతకండి, అటూ ఇటూ కలిపి గంటకి దగ్గరగా తెచ్చుకోండి. బండి మీద కాకుండా కూర్చుని వెళ్ళే బస్సో రైలో ఉంటే ఇంకా మంచిది, కునుకైనా తీయొచ్చు.

అద్దె జీతంలో 30 శాతం దాటకూడదని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నాకు ఈ మాట వింటే చిరాకు. అది అమెరికా ప్రభుత్వ గృహాల్లో ఉండే పేదవాళ్ళ కోసం పెట్టిన హద్దు. 1969లో 25 శాతం అన్నారు, 1981లో 30 చేశారు. ఎవరి కోసమో పెట్టిన అంకెని పట్టుకొచ్చి నిన్న ఉద్యోగంలో చేరిన ప్రతి కుర్రాడి నెత్తినా రుద్దుతున్నారు. మీ లెక్క మీరే వేసుకోండి. అద్దె తక్కువని దూరం వెళ్ళి, లేటైన ప్రతి రాత్రీ క్యాబ్ ఎక్కితే ఆ మిగిలింది కాస్తా అక్కడే పోతుంది.

ఇల్లు చూడాల్సిన టైము ఆదివారం పొద్దున కాదు, పని రోజు రాత్రి తొమ్మిదిన్నర. ఇది నా తెలివి కాదు, నాతో పనిచేసిన ఒకమ్మాయి పద్ధతి. ఏ ఇల్లు చూసినా రాత్రి బస్సు దిగి, ఇంటి తలుపు దాకా ఒక్కతే నడిచేది. దారిలో తెరిచి ఉన్న షాపులు ఎన్ని, అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళు ఉన్నారా లేదా అని లెక్కపెట్టుకునేది. వీధి లైట్లని ఆవిడ అసలు పట్టించుకునేది కాదు. "లైటు చూస్తుందా ఏంటి, మనిషి చూస్తాడు" అనేది. 1961లోనే జేన్ జేకబ్స్ అనే ఆవిడ దాదాపు ఇదే చెప్పిందని తర్వాత తెలిసింది, వీధిని కాపాడేది అక్కడ మసిలే మనుషుల కళ్ళేనని. మా కొలీగ్ మాత్రం ఎవరినీ చదివి నేర్చుకోలేదు.

నేను మారిన ఇల్లు స్వర్గమని చెప్పను. కింద వెల్డింగ్ షాపు. రాత్రిళ్ళు ఇంటి బయట సగటు శబ్దం 40 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2009లో చెప్పింది. మా వీధిలో ఎవరూ అది చదివినట్టు లేరు. మొదటి నెల చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నాను. నీళ్ళ మోటారు ఎవరు వేయాలి, ఎవరి వంతు అని వారానికో గొడవ. ఏ ఆదివారం ఆలస్యంగా లేచినా "ఏం బాబూ, ఒంట్లో బాలేదా" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఒక్కోసారి విసుగే.

మీరు చెప్పిన రెండింటిలో నేనైతే రెండోదే తీసుకుంటాను. కాకపోతే ఒకటి, మొదటి వారంలోనే కింద షాపుల్లో ఒకదాన్ని పట్టుకోండి. అవసరం లేకపోయినా రోజూ అక్కడే ఏదో ఒకటి కొనండి. నేను టైలర్‌ని పట్టుకున్నాను. కుట్టించుకోవడానికి ఏముంటాయి నాకు, అయినా గుండీలు ఊడితే చాలు వెళ్ళేవాణ్ణి. రెండో నెలలో ఇంటి చెవి ఇంకోటి చేయించి ఆయనకిచ్చాను. ఆయన మిషన్ వెనక గోడకి మేకు ఉంది, దానికి అప్పటికే మూడు చెవులు వేలాడుతున్నాయి.

మొన్న ఆయన వారం రోజులు ఊరెళ్ళాడు. వెళ్తూ మా చెవులన్నీ ఎదురుగా మందుల షాపులో ఇచ్చి వెళ్ళాడట, నాకు చెప్పలేదు. నేను బస్సు దిగి వస్తుంటే మందుల షాపాయన రోడ్డుకి అటునుంచి కేకేసి చెప్పాడు, నా పేరు పెట్టి.