రెప్పలు అతుక్కుపోతున్నాయి... ఇంట్లో ఉన్న పాత చుక్కలు వేయొచ్చా?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. రెండు రోజులుగా కళ్లు ఎర్రబడి, పచ్చగా పుసులు కడుతున్నాయి. పొద్దున రెప్పలు అతుక్కుపోయి ఏడుస్తున్నాడు. నిన్నటి నుంచి వాడి చెల్లికీ మొదలైంది. వాడి కళ్లలోకి చూడటం వల్లే అంటుకుందా? నిరుడు నేను వాడిన చుక్కల మందు ఉంది, వేయొచ్చా?

జవాబు: దయచేసి ఆ చుక్కలు వేయకండి. మూత తీసిన సీసాను సాధారణంగా నెల దాటాక వాడకూడదు. అందులో స్టెరాయిడ్ ఉంటే ఇంకా ప్రమాదం. ఎరుపు చప్పున తగ్గుతుంది, నయమైపోయిందనిపిస్తుంది. కానీ అది హెర్పిస్ అనే వైరస్ వల్ల వచ్చిన ఇన్ఫెక్షన్ అయితే నల్లగుడ్డు మీద పుండు ముదిరి చూపే దెబ్బతినొచ్చు.

మీరు రాసినదాన్ని బట్టి ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చిన కళ్లకలకలా ఉంది. వైరస్ వల్ల వస్తే ఎక్కువగా నీళ్లు కారతాయి, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. ఒక్కోసారి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి పిల్లలిద్దరినీ డాక్టర్‌కు చూపించండి.

చూపు వల్ల కళ్లకలక అంటదు, చేతుల వల్ల అంటుతుంది. నిద్ర లేవగానే బాబు ఏం చేస్తాడో గమనించండి. ముందు కన్ను నులుముకుంటాడు. అదే చేత్తో టవల్, తలుపు గడియ, చెల్లి బొమ్మ పట్టుకుంటాడు. పాప ఆ బొమ్మతో ఆడుకుని తన కన్ను రుద్దుకుంటుంది. అంతే! అందుకే ఇద్దరికీ టవళ్లు, దిండ్లు వేరుగా పెట్టండి. గలీబులు రోజూ మార్చి వేడినీళ్లలో ఉతకండి. సబ్బుతో చేతులు కడగడం పిల్లలకే కాదు, మందు వేసే మీకూ తప్పనిసరి.

అతుక్కున్న రెప్పలను బలవంతంగా విడదీయకండి. కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన దూదిని కాసేపు అద్దితే పుసి మెత్తబడుతుంది. అప్పుడు ముక్కు వైపు నుంచి బయటికి ఒక్కసారే తుడిచి, ఆ దూది పారేయండి. రెండో కంటికి కొత్త దూది. చుక్కలు వేసేటప్పుడు సీసా కొన రెప్పకు తగలకూడదు. ఇద్దరికీ ఒకే సీసా వాడొద్దు. ఒకట్రెండు రోజుల్లో తగ్గినట్టున్నా డాక్టర్ చెప్పినన్ని రోజులూ వేయండి. పుసులు తగ్గేదాకా బడి మాన్పించడం మంచిది.

కంట్లో బాగా నొప్పి, చూపు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం, తుడిచిన కాసేపటికే మళ్లీ చీము నిండటం... వీటిలో ఏది కనిపించినా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరకు వెళ్లండి. కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లు కన్ను ఎర్రబడితే వెంటనే లెన్స్ తీసేసి చూపించుకోవాలి. నెలలోపు పసిబిడ్డ కంట్లో పుసులు కనిపిస్తే మాత్రం గంటలు కూడా ఆగకండి.