గీత మీద మాట లేకపోతే అది మ్యాప్ కాదు

ప్రశ్న: మాది సముద్రం పక్క ఊరు. జిల్లా పరిషత్ హైస్కూల్లో 8, 9 తరగతులకు సైన్స్ చెబుతాను. ట్రైనింగ్‌లో కాన్సెప్ట్ మ్యాప్‌లు (పాఠంలోని ముఖ్యమైన మాటలను గీతలతో కలిపి, వాటి మధ్య సంబంధం చూపే బొమ్మలు) వేయించమన్నారని ప్రతి పాఠానికీ బోర్డు మీద నీట్‌గా ఒకటి గీస్తున్నాను, పిల్లలు రంగు పెన్నులతో నోట్సులో ఎక్కించుకుంటున్నారు. కానీ ప్రశ్న కాస్త తిప్పి అడిగితే మళ్లీ మామూలే. పీరియడ్ మొత్తం దీనికే పోతోంది. అసలు ఉపయోగం ఉందా?
– ఒక టీచర్, ఇందుకూరుపేట మండలం

జవాబు: ఉందండీ. కాకపోతే మ్యాప్ మీరు గీసినంత కాలం ఆలోచించేది మీరే, పిల్లలు చేసేది బొమ్మ దించడమే. ఈ పద్ధతి పుట్టింది కూడా నోట్సు అందంగా ఉండటానికి కాదు. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో జోసెఫ్ నోవాక్ బృందం పిల్లలకు సైన్స్ ఎలా అర్థమవుతుందో ఏళ్ల తరబడి వాళ్లతో మాట్లాడి తెలుసుకుంటూ, ఆ ఇంటర్వ్యూల గుట్టలో ఏ పిల్లవాడి అవగాహన ఎక్కడ మారిందో పట్టుకోవడానికి 1972లో ఇలా గీయడం మొదలుపెట్టింది. అంటే పిల్లవాడి బుర్రలో ఏముందో మనకు కనపడటానికి వచ్చిన పద్ధతి ఇది. అందుకే చాక్‌పీస్ పక్కన పెట్టి, మ్యాప్ వాళ్ల చేత వేయించండి.

ముందు ఒక ప్రశ్న ఉండాలి. "నీరు" అని మధ్యలో రాసి చుట్టూ గీతలు లాగితే అది మనందరం చేయించే మైండ్ మ్యాపింగే, గుర్తొచ్చిన మాటలన్నీ వచ్చి చేరతాయి, అంతే. దాని బదులు "మన ఊరి బోర్లలో నీళ్లు ఎందుకు ఉప్పగా మారతాయి?" అని అడగండి. మీ పిల్లలకు రొయ్యల గుంటలు కొత్త కాదు కదా. పది పన్నెండు మాటలు చీటీల మీద రాసి ఇవ్వండి: వాన, బోరు, గుంట, సముద్రం, ఉప్పు, ఇసుక నేల, భూగర్భ జలం, ఇలా. ఇద్దరికి ఒక కాగితం చాలు. చీటీలు అటూ ఇటూ జరుపుకుంటూ, వాదించుకుంటూ పేర్చుకోనివ్వండి. ఆ వాదనే మీకు కావలసింది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది గీత మీద రాసే మాట. "గుంట" నుంచి "బోరు"కు ఉత్త గీత గీస్తే దానికి ఏ అర్థమైనా చెప్పుకోవచ్చు. గుంటలోని ఉప్పునీరు నేలలోకి ఇంకి బోరుకు చేరుతుందని ఒకరు అనుకోవచ్చు, గుంటలు నింపడానికి బోర్లతో అదే పనిగా తోడేస్తే మంచినీటి మట్టం పడిపోయి సముద్రపు నీరు లోపలికి వస్తుందని ఇంకొకరు అనుకోవచ్చు. రెండూ జరుగుతాయి, కానీ కారణాలు వేరు. గీత మీద క్రియతో సహా మాట రాయాలి, రెండు చీటీలనూ ఆ మాటనూ కలిపి చదివితే పూర్తి వాక్యం రావాలి అని గట్టిగా చెప్పండి. "సంబంధం ఉంది" అని రాస్తే ఒప్పుకోకండి, ఏం సంబంధమో అడగండి.

తప్పులు ఇక్కడే బయటపడతాయి. "సముద్రపు ఉప్పు ఆవిరితో పాటు మేఘంలోకి పోతుంది" అని ఎవరైనా రాశారనుకోండి, వెంటనే కొట్టేయకండి. వాన నీళ్లు చప్పగా ఎందుకుంటాయి, ఇస్కపల్లి ఉప్పు కొఠార్లలో నీళ్లు ఎండిపోయాక మిగిలేది ఏమిటి అని అడగండి, వాళ్లే దిద్దుకుంటారు. పాఠం అయ్యాక అదే కాగితం తిరిగిచ్చి వేరే రంగు ఇంకుతో మార్చమంటే ఏం నేర్చుకున్నారో మీకూ తెలుస్తుంది, వాళ్లకూ తెలుస్తుంది. దయచేసి దీనికి మార్కులు వేయకండి, మార్కులనగానే టెన్షన్‌తో పక్కవాళ్లది చూసి దించేస్తారు.

ఇంకోటి, గీసేటప్పుడు పుస్తకం మూయించండి. 2011లో 'సైన్స్' పత్రికలో కార్పికీ, బ్లంట్ అనే ఇద్దరు పరిశోధకులు రాసినదాని ప్రకారం, పాఠం ఎదురుగా పెట్టుకుని కాన్సెప్ట్ మ్యాప్ గీసిన విద్యార్థుల కంటే, చదివి మూసేసి గుర్తున్నది రాసినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. పుస్తకం మూసి మ్యాప్ గీయిస్తే ఆ లాభం మనకూ వస్తుంది. ప్రతి పాఠానికీ అక్కర్లేదు, కారణాలు ఒకదానికొకటి ముడిపడి ఉన్న పాఠాలకు చేయించండి చాలు. రాయడం కష్టమైన పిల్లలకు చీటీలు మీరే పేర్చి, గీతల మీద మాటలు మాత్రం వాళ్లను నోటితో చెప్పమనండి.

ప్రశ్న: మా బడిలో ఐఎఫ్‌పీ ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ బోర్డు) ఉంది. దీనికి సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?
– ఒంగోలు నుంచి మరో టీచర్

జవాబు: సీమ్యాప్‌టూల్స్ ఉంది, ఫ్లోరిడాలోని ఐహెచ్‌ఎంసీ సంస్థ తయారుచేసింది, ఉచితమే. అయినా మొదట కాగితంతోనే మొదలుపెట్టండి, టైపింగ్ దగ్గర పిల్లల టైమ్ పోతుంది. ప్యానెల్ మీద మాత్రం ఒక జంట వేసిన మ్యాప్‌ను ఫొటో తీసి, పేర్లు కనపడకుండా పెట్టి, ఏ గీత మీద మాట సరిపోలేదో తరగతి మొత్తాన్నీ అడగండి.